కొనఊపిరి తూటా

నబీ రసూల్ ముందు తూటాల మాట ఎత్తకూడదని ఆ తోటలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఎత్తారా, పొయ్యి మీద పప్పు మాడిపోవాల్సిందే. చేతిలో గరిటె తుపాకీ అయిపోయేది, కర్నూలు జిల్లా ఆత్మకూరు అడవంతా పనివాళ్లుండే రేకుల షెడ్డులోకి దిగిపోయేది. ఇక మనకు అన్నం ఎప్పుడు దొరుకుతుందో ఆ అల్లాకే తెలియాలి.

ఆ తోట అల్ ఐన్ పోయే దారిలో ఉండేది. ఇప్పుడటు పెద్ద రోడ్డు పడిపోయి తోట ఆనవాలు కూడా లేదంటారు. డెబ్బైలు ముగిసే ఆ రోజుల్లో మాత్రం దుబాయ్ దాటితే ఇసుకే ఇసుక. ఆ ఇసుక మధ్య అబూ రాషిద్ అనే అరబ్బు షావుకారు ఖర్జూరపు చెట్లు పెంచి, ఒక పక్క పెద్ద కంచె వేయించి, దేశదేశాల జింకల్ని తెచ్చి వదిలాడు. డబ్బున్న మారాజు సరదా, కాదనడానికి మనమెవరం? తోటలోని పనివాళ్లందరికీ ఆయనే కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని. నబీ రసూల్ బొంబాయిలో ఓడెక్కి వచ్చి ఆయన దగ్గర వంటవాడుగా కుదిరాడు. కాని సొంతూళ్లో ఏం చేసేవాడివని అడిగితే వంట అని చచ్చినా అనేవాడు కాదు.

"షికార్లో కత్తి పట్టుకోని ఉరికేవాన్ని" అనేవాడు మెడ నిక్కించి.

అదీ ఒక పనేనా అని నవ్వకండి. నల్లమలలో వేట సాగిన కాలంలో హైదరాబాదు నవాబులు, కర్నూలు కంట్రాక్టర్లు పర్మిట్లు పట్టుకుని దిగేవారు. తుపాకీ దెబ్బకు జంతువు పడగానే, ప్రాణం పోకముందే, ఎవరో ఒకరు పరుగున వెళ్లి బిస్మిల్లా చెప్పి గొంతు మీద కత్తి ఆడించాలి. తూటాతోనే చచ్చిపోయిన దాన్ని ఆ ప్రాంతపు ముస్లింలు ముట్టరు. కడితి అనే పెద్ద జింక గాని, మనుబోతు అనే నీల్‌గాయ్ గాని చావుబతుకుల మధ్య ఒక్క తన్ను తన్నిందంటే మనిషి నడుం విరగాల్సిందే. అలాంటి దాని మీదికి చెప్పులైనా లేకుండా ఉరకాలి. అదీ నబీ రసూల్ పని.

పని ముగియగానే దూరం నుంచి కేక వినిపించేది. "ఆడిందా?"

కత్తి పడే వేళకు ప్రాణం ఆడిందా అని. "ఆడింది" అని నబీ రసూల్ అంటే డేగిసాలు పొయ్యెక్కేవి. "లేదు" అంటే ఎంతటి నవాబైనా నోరు మూసుకుని పప్పుతో తినేవాడు, మాంసం చెంచుల గూడేనికి పోయేది. దగ్గరుండి చూసింది అతనొక్కడే మరి. అంతమంది తిండీ ఆ ఒక్కడి మాట మీద నిలిచేది, ఆ మాటను ఏ రోజూ ఎవరూ శంకించలేదు.

అందుకే తూటాల విషయంలో నబీ రసూల్ కొలత లోకంతో కలిసేది కాదు. షికారీలు తూటాని బరువుతో పోలుస్తారు, వేగంతో పోలుస్తారు. ఇతనికి ఒకటే లెక్క. దెబ్బ తగిలాక ప్రాణం ఎంతసేపు నిలుస్తుంది?

"ఆ ఫోర్ సెవెంటీ ఉండాదే, రెండు గొట్టాల తుపాకీది, అది ఏనుగులకప్పా! దుప్పిని కొడితే అది కింద పడేలోపలే పానం పాయె. మేం పొయ్యి ఏం చెయ్యాల, ఫాతెహా చదవాల్నా? థర్టీ నాట్ సిక్స్ దుప్పికి చాలు, మనుబోతుకు చాలదు. తగిలినంక గూడ అది వాగు దాటిపోతాది, దాని యెనకాల నేను. పన్నెండు బోరు గుండ్లయితే వద్దేవద్దు, తినేటప్పుడు పంటి కింద సీసమే. త్రీ సెవెంటీ ఫైవ్, అదీ తూటా అంటే! సీసం మూతిది. జంతువును పడేస్తాది, కొనూపిరి మాత్రం నిలబెడతాది. ఆ కొనూపిరి నాదప్పా!"

డెబ్బై రెండులో చట్టం వచ్చి వేటను ఆపేసింది. మంచిదే జరిగింది, అడవిలో ఏమైనా మిగలాలి కదా. కాని నబీ రసూల్‌కి మాత్రం ఉన్నట్టుండి కాళ్లతో పనిలేకుండా పోయింది. కొన్నాళ్లు పెళ్లిళ్లలో బిర్యానీలు వండాడు. ఆ గరిటే అతన్ని దుబాయ్ దాకా లాక్కొచ్చింది.

ఒక చలికాలం తోటకు లారీ ఒకటి వచ్చింది. తలుపు తీయగానే బూడిద రంగు ఒళ్లు, పొట్టి కొమ్ములు, గొంతు కింద వెంట్రుకల కుచ్చుతో ఒక పోతు దిగింది. జింకల్ని చూసుకునే భీమయ్యది జగిత్యాల పక్క ఊరు. అతను దాన్ని ఎగాదిగా చూసి, "గిదేందే సాయబన్నా, గుర్రమా, ఎద్దా?" అన్నాడు.

నబీ రసూల్ పిండి చేతులతోనే కంచె దాకా ఉరికాడు.

"మనుబోతురా భీమయ్యా! మా అడివిది! మా ఊరోడొచ్చినాడురా!" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఎన్నింటి గొంతు కోసిన చెయ్యో, అదే చెయ్యి కంచెలోంచి పెట్టి దాని నుదురు నిమిరింది. మనిషి మనసు అంతే, దానికి లెక్కాపత్రం ఉండదు.

అప్పటినుంచి సాయంత్రం వంట కాగానే ఇద్దరూ ఆ కంచె పక్కనే కూర్చునేవారు. భీమయ్య దానికి నల్లోడని పేరు పెట్టి, రొట్టె ముక్కలు తినిపించేవాడు. నబీ రసూల్ ఆ పోతుని చూస్తూ ఇప్పపూల వాసన గురించి, తొలివాన పడ్డాక ఎర్రమట్టిలో గిట్టల అచ్చుల గురించి చెప్పేవాడు. విన్నవే అయినా భీమయ్య మళ్లీ వినేవాడు. అతనికీ ఇంటి బెంగ ఉండేది, ఎవరి ఊరైతేనేం, ఏదో ఒక ఊరి మాట చెవిన పడితే చాలు.

రెండేళ్లు పోయాక నల్లోడికి మదం పట్టింది. కంచెలో రెండు తెల్ల జింకల్ని పొడిచి చంపాడు. ఆపబోయిన భీమయ్య పక్కటెముకలు విరగ్గొట్టాడు. దాన్ని కాల్చేయాల్సిందేనని అబూ రాషిద్ తేల్చేశాడు.

ఆ వారం మజ్లిస్‌లో, అదే అతిథులు కూర్చునే పెద్ద గదిలో, ఖర్జూరాల పళ్లెం పక్కనే తూటాల పళ్లెం పెట్టుకుని ఒకటే వాదన. ఏటా సూడాన్ వెళ్లి పెద్ద జంతువుల్ని వేటాడి వచ్చే మనుషులు వాళ్లు. కఫీల్ తమ్ముడు త్రీ హండ్రెడ్ మాగ్నం పట్టుకుని దీని వేగం చూడండన్నాడు. ఇంకో అతిథి ఫోర్ ఫిఫ్టీ ఎయిట్‌ని అరచేతిలో ఎగరేసి, ఈ బరువు ముందు వేగం ఎందుకు పనికొస్తుందన్నాడు. వేగంగా పోయే చిన్న గుండు భుజం ఎముక మీద చిట్లిపోతుందని ఒకరు, బరువు గుండు మెత్తటి ఒంట్లోంచి దూసుకుపోయి అవతల ఇసుకలో పడుతుందని ఇంకొకరు. గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోస్తున్న నబీ రసూల్ అక్కడే కొయ్యబారి నిలబడ్డాడు.

అబూ రాషిద్ నవ్వాడు. "హింద్‌లో షికారీలతో తిరిగానంటావుగా. నువ్వు చెప్పు."

"త్రీ సెవెంటీ ఫైవ్, బాబా."

"ఎందుకు?"

"అది వెంటనే చంపదు."

మజ్లిస్ గొల్లున నవ్వింది. చంపని తూటాకి తుపాకీ దండగ, రాళ్లు విసురుదాం పదండి అన్నాడొకడు. నబీ రసూల్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా వెనక్కి తగ్గకుండా, వచ్చిన హిందీలో, రాని అరబ్బీలో తన పరుగు సంగతీ, కత్తి సంగతీ చెప్పుకొచ్చాడు. బిస్మిల్లా చెప్పి కాలిస్తే అదే చాలు, ఖలాస్, అన్నాడు కఫీల్ తమ్ముడు.

అబూ రాషిద్ చెయ్యెత్తి ఆపాడు. "మనకు మన పెద్దలు అలా చెప్పారు. వాళ్లకు వాళ్ల పెద్దలు ఇలా చెప్పారు. నబీ రసూల్, నువ్వన్న తూటాతోనే కొడతాను. మా వంతు మాంసానికి నా బిస్మిల్లా చాలు. మిగతా సగం మీ వాళ్లది. నువ్వు సమయానికి చేరితే తినండి, చేరకపోతే అదీ మాకే."

ఈ కబురు షెడ్డుకు చేరేసరికి పండగే పండగ. మోటార్లు బాగుచేసే నెల్లూరి నూర్ మొహమ్మద్ అయితే ఆ శుక్రవారమే దుబాయ్‌లోని నైఫ్ బజారుకు పోయి మసాలాలు కొనుక్కొచ్చాడు. "ఫ్రిజ్జు కోడి తినీ తినీ నాలిక చచ్చిపోయింది బ్బా! భాయ్ ఉరికితే ఇంకేముంది, మనం తిన్నట్టే!" అని అందరికీ ముందే వడ్డించేశాడు. హైదరాబాదు వాళ్లు, పాకిస్తాన్ వాళ్లు, అందరూ వచ్చి నబీ రసూల్ భుజం తట్టి పోయారు. అబ్బ, ఆ నాలుగు రోజులు అతని నడక చూడాలి! గరిటె పట్టిన మనిషి కాదు, మళ్లీ ఆత్మకూరు నబీ రసూల్.

భీమయ్య ఒక్కడే ముఖం మాడ్చుకున్నాడు.

"పెద్ద తూటాతోని కొడితే దెబ్బకే పానం పోవు గదనే. నువ్వెందుకు గది జెప్పినవ్? నల్లోడు గిలగిల కొట్టుకోవాల్నా?"

"కొట్టుకోనిస్తానారా నేను? నా కత్తి పడితే చీమ కుట్టినట్టు గూడ తెల్దు దానికి."

"నువ్వు అందుకోకుంటే?"

"నేనా? అందుకోకపోవడమా?" నబీ రసూల్ నవ్వాడు. అప్పటికి అతనికి యాభై దాటాయి. మెట్లెక్కితే మోకాలు పట్టుకునేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అనుకున్న రోజు పొద్దున్నే దొడ్డి తలుపు తీశారు. నల్లోడు బయటికొచ్చి, గాఫ్ చెట్ల వరసలో ఆగి, ఎవర్రా మీరన్నట్టు చూశాడు. అబూ రాషిద్ బిస్మిల్లా అంటూ కాల్చాడు. తూటా భుజం వెనకే పడింది. పోతు మోకాళ్ల మీద కూలబడి, లేచి, తూలుకుంటూ ఇసుక దిబ్బ ఎక్కి అవతలికి దిగిపోయింది.

నబీ రసూల్ ఉరికాడు.

నల్లమల నేల కాలిని పైకి తోస్తుంది, ఈ ఇసుక కిందికి లాగుతుంది. సగం దిబ్బ ఎక్కేసరికే గుండెలు ఎగిరిపడ్డాయి. అవతల నుంచి పోతు ఊపిరి వినిపిస్తోంది, గురగురమని, పెద్దగా. ఉంది, ఇంకా ఉంది. మోకాలు కలుక్కుమంది. పడ్డాడు, లేచాడు, చేతులూ కాళ్లూ ఆడిస్తూ పాకాడు. దిబ్బ కొన మీద తల పెట్టేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది.

జారుకుంటూ దిగి బిస్మిల్లా చెప్పి కత్తి ఆడించాడు. రక్తం చిమ్మలేదు, ఊరికే జారింది. కంటి మీద వేలు పెట్టాడు. రెప్ప కదల్లేదు.

ఆ దిబ్బ కింద అతను తప్ప ఇంకెవరూ లేరు. అవతలి నుంచి నూర్ మొహమ్మద్ గొంతు ఆత్రంగా వినిపించింది. "ఆడిందా భాయ్?"

అందరూ దిబ్బ వెనక నిలబడి ఉన్నారు. షెడ్డులో ఉల్లిపాయలు తరిగి ఉన్నాయి. ఒక్క మాట, మూడక్షరాలు. అంటే చాలు, అందరి కడుపూ నిండుతుంది, తన పరుగూ బతుకుతుంది. లేదంటే ఇంక తను వంటవాడే, చచ్చేదాకా వంటవాడే. నబీ రసూల్ కత్తి ఇసుకలో గుచ్చి, దాని మీద బరువు వేసి లేచి నిలబడ్డాడు.

"లేదు! ఆడలేదు! నేను చేరేసరికే పోయింది!" అని అరిచాడు.

ఆ రోజు మజ్లిస్‌లో విందు జరిగింది. అబూ రాషిద్ వంటకు వేరే మనిషిని పెట్టి, నబీ రసూల్‌ని పడుకోమన్నాడు. షెడ్డులో పప్పు ఉడికింది. నూర్ మొహమ్మద్ కంచం విసురుగా పెట్టి, "ఎవురు చూడొచ్చారు బ్బా! ఒక్క మాట అనుంటే ఏం పొయ్యేది?" అని గొణిగి, తినకుండానే లేచిపోయాడు. ఎవరూ అతన్ని వారించలేదు, అందరి నోళ్లూ అదే రుచి కోసం ఊరి ఉన్నాయి మరి.

భీమయ్య మాత్రం కంచం తెచ్చుకుని నబీ రసూల్ పక్కన కూర్చున్నాడు. చేతులతో పెంచిన జీవి, అతను ఎలాగూ తినేవాడు కాదు.

"తూటాది తప్పు గాదురా భీమయ్యా" అన్నాడు నబీ రసూల్. "అది నిలబెట్టాల్సినంత నిలబెట్టింది. నేను వింటా ఉంటి గదా దాని ఊపిరి. కాళ్లురా. నా కాళ్లు పాయె."

"ఊకో అన్నా" అన్నాడు భీమయ్య. కాసేపటికి తనూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నబీ రసూల్ నోట తూటాల మాట రాలేదు. అన్నం వేళకు ఉడికేది, పప్పు మాడేది కాదు. తోటకు అది ఏమంత బాగుండలేదు.

ఆ ఏడు బక్రీదుకు షెడ్డువాళ్లంతా కలిసి ఒక పొట్టేలు తెచ్చారు. కోయడానికి షార్జా రోలా నుంచి కసాయిని పిలుద్దామని ఎవరో అన్నారు. నూర్ మొహమ్మద్ అంతెత్తున లేచాడు.

"ఇంకోడు కోస్తే నేను ముట్టను! తినే తిండి పోయినా అబద్ధం చెప్పని చెయ్యి ఇక్కడే ఉంటే, రోలా దాకా ఎందుకు పోవాల?" అని, తనే వెళ్లి వంటింట్లోంచి నబీ రసూల్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

పొట్టేలు కట్టేసే ఉంది. ఉరకాల్సిన పనేమీ లేదు. నబీ రసూల్ కుంటుకుంటూ, నెమ్మదిగా, దాని దాకా నడిచాడు. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు.