రాజధానిలో మేము చూసిన గోడ

హైదరాబాద్ చూసొచ్చినవాళ్లు చార్మినార్ గురించి చెబుతారు, గోల్కొండ గురించి చెబుతారు. మేము చూసొచ్చింది ఒక గోడ. సున్నం వేసిన మామూలు గోడ. దానికోసం రైలెక్కి అంత దూరం ఎందుకు పోయారని మీరు అడుగుతారు. మా ఆవిడ సరోజన ఇప్పటికీ అడుగుతూనే ఉంది. ఓపికుంటే వినండి, నాకైతే తలుచుకుంటేనే అలసటగా ఉంటుంది.

ఎనభైల్లో సంగతి. మందమర్రి బొగ్గుబాయిలో నా కొలువు. భూమి లోపల పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగేచోట డ్యూటీ. అక్కడ మాకు దేవుడి తర్వాత గంటే. గంట మోగిందంటే టబ్బులు కదులుతాయి. చేతిలో ఏ పనున్నా వదిలేసి, గోడలో తొలిచిన గూట్లోకి దూరి నిలబడాలి. ఆలోచిస్తూ కూర్చుంటే ఆయుష్షు తీరినట్టే. పదేళ్లలో ఆ సంగతి నాకంటే నా కాళ్లకు బాగా వంటబట్టింది.

సరోజనకు ఒకటే కోరిక. హైదరాబాద్ మ్యూజియంలో ఒక గడియారం ఉందట. గంటగంటకూ అందులోంచి చిన్న మనిషి బయటికొచ్చి, గంట కొట్టి లోపలికి పోతాడట. పక్క క్వార్టర్ రాజక్క అది చూసొచ్చి ఆర్నెల్లపాటు నల్లా దగ్గర అదే కథ చెప్పింది. పెళ్లయిన ఐదేళ్లలో సరోజన నన్ను నోరు తెరిచి అడిగింది ఆ గడియారమొక్కటే.

శనివారం రాత్రి షిఫ్టు చేసి, ఆదివారం పొద్దున అటునుంచటే రైలెక్కుదామన్నాను. హాజరు మస్టర్ పోకూడదు, ముచ్చటా తీరాలి. తెలివంటే అదీ అనుకున్నాను.

"రాత్రంత పనిజేసి ఎట్లొస్తవు? జర పండుకో. వచ్చే ఆయితారం పోదాం," అంది సరోజన.

"నిద్ర నా చేతిల పనే. పండుకోమంటె పండుకుంటది, లెవ్వుమంటె లేస్తది."

"అదేమన్న పెంపుడు కుక్కనా?"

"నువ్వు ఫికర్ జెయ్యకు. నేనున్న గద."

నేనుండటమే అసలు చిక్కని ఆమెకు అప్పటికి తెలియదు.

రైల్లో కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఒక ముసలాయన భుజానికి ఆనుకుని నిలబడే కునికాను. ఆయన జరిగినప్పుడల్లా నేనూ జరిగాను. కాజీపేట దాటాక పాపం ఆయన జరగడం మానేశాడు.

రాజధానంటే చెవులు పగిలే రొద ఉంటుందనుకున్నాం. ఆదివారం మూలాన దుకాణాలు సగం మూసి ఉన్నాయి, రోడ్లు ఖాళీ. మ్యూజియంలోనైతే చీమ నడిచినా వినిపించేలా ఉంది. సైరన్లు, బొగ్గు లారీల మోతలో బతికేవాడికి అంత నిశ్శబ్దం జోలపాటే. గడియారం ముందు జనం వరసగా కూర్చుని ఉన్నారు. మేమూ కూర్చున్నాం. మూడు కావడానికి ఇంకా పావుగంట.

"జరసేపు కన్ను మూస్త. మనిషి రాంగనె లేపు," అన్నాను.

"నేను గడియారం జూడాల్నా, నిన్ను జూడాల్నా?"

ఆమె మాట పూర్తయ్యేసరికి నేను లేను. నిద్ర సుఖమెరగదంటారు. నాది రాజధానిని కూడా ఎరగలేదు.

ఆ చిన్న మనిషి రాకముందు గడియారం ఒకసారి ఖంగుమని మోగుతుంది. ఈ ముక్క రాజక్క చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు ఈ చరిత్ర ఉండేది కాదు.

మోగింది. నేను లేవలేదు, నా కాళ్లు లేచాయి.

"టబ్బులొస్తున్నయ్, పక్కకు జరుగుండ్రి," అని ఆ గదంతా దద్దరిల్లేలా అరిచాను. సరోజన రెక్క పట్టి గుంజుకుపోయి, ఒక పాలరాతి బొమ్మ పక్కనున్న మూలలో గోడకు అదిమిపెట్టి, ఆమెకు అడ్డంగా నా వీపు పెట్టి నిలబడ్డాను. ముందు వరసలో ఇద్దరు నా మాట నమ్మి కుర్చీల్లోంచి లేచారు కూడా. వెనక ఎవరో మూడుసార్లు గంట కొట్టారు. చిన్న తలుపు మూసుకున్న చప్పుడైంది. అప్పుడు నాకు మెలకువ వచ్చింది.

జనమంతా గడియారానికి వీపు పెట్టి మమ్మల్నే చూస్తున్నారు.

అక్కడి కాపలా మనిషి మెల్లగా దగ్గరికొచ్చాడు. "అన్నా, గీడికి ఏం బండ్లు రావు. జర బయట గాలికి కూసో," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

బయట మెట్ల మీద కూర్చున్నాం. సరోజన నుదుటికి సున్నం అంటుకుని ఉంది. తుడవబోతే చెయ్యి నెట్టేసింది. ఐదేళ్లకు అడిగిన ఒక్క కోరికను నేనే చేతులారా చెడగొట్టాను.

"నాలుగింటికి మల్ల కొడ్తడట. ఉందామా?" అన్నాను.

"మూడు కొడ్తెనే గోడకు వెట్టినవు. నాలుగు కొడ్తె యాడ వెడ్తవో. పా ఇంటికి."

మర్నాడు నల్లా దగ్గర రాజక్క ఊరుకుంటుందా?

"ఏందే సరోజన, గా గడియారం మనిషిని జూస్తివా? ముద్దుగుంటడు గద."

నేను కిటికీ వెనక ఊపిరి బిగబట్టాను. ఈసారి నా పరువు ఆమె చేతిలో ఉంది. సరోజన తాపీగా బిందె ఎత్తుకుంది.

"జూస్తి రాజక్కా. గంట మోగంగనె ఎగిరి దునికిండు. గీ గదిల పండుకున్నడు, కావాల్నంటె వొచ్చి జూడు."

అందువల్ల ఇంటిల్లిపాది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కడుపునిండా నిద్రపోకుండా ఇకమీదట ఏ రాజధానిలోనూ అడుగుపెట్టను. పెట్టినా, గంట మోగితే సరోజనను వదిలేసి నేనొక్కణ్ణే గోడకు నిలబడతాను.