కోళ్లకు తెల్లవార్చిన మా బాబాయి

మా బాబాయిని అందరూ డిమ్మరనే పిలిచేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడిన పాపాన పోలేదు. నాటకాల హాల్లో లైట్లు వేసే పని ఆయనది. ప్రేక్షకులకు వెనకాల, గోడకు ఆనించి కట్టిన చిన్న చెక్క గదిలో ఎత్తు స్టూలెక్కి కూర్చుని, వెలుగు పెంచే, తగ్గించే డిమ్మరు మీటలు పైకీ కిందికీ జరుపుతూనే నడివయసు దాటించేశాడు. చప్పట్లన్నీ ముందున్నవాళ్లకే. ఆయన ముఖం చూసినవాళ్లే తక్కువ. కానీ నాటకంలో తెల్లవారే ఘట్టం ఉందంటే ఎంత పెద్ద నటుడైనా రిహార్సల్లో వెనక్కి తిరిగి, "డిమ్మరుగారూ, ఇక మీ దయ" అని దణ్ణం పెట్టాల్సిందే.

అలాంటి మనిషికి నీటికాసుల జబ్బొచ్చి చూపు పోయింది. దేవుడికి ఇంకెవరూ దొరకలేదా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందు పక్కచూపు పోయింది, తర్వాత కొంచెం కొంచెంగా మిగతాదీ పోయింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. హాలువాళ్లు పాత సామాను మార్చినప్పుడు, ఆయన చేతికింద అరిగిన మీటపెట్టె ఒకటి గుర్తుగా ఇచ్చి పంపించారు. పెట్టె అటకెక్కింది. ఆయన మంచమెక్కాడు.

"నాకు పగలేంటి, రాత్రేంటి?" అనేవాడు, ఎవరు పలకరించినా. గోడవైపు తిరిగి పడుకునేవాడు. బాత్రూముకు తప్ప మంచం దిగేవాడు కాదు. ఆయన్ని చూసి మా పిన్ని సగమైపోయింది. ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతూ ఇల్లు నడిపేది ఆవిడే. నేను మేడమీద గదిలో ఉండేదాన్ని. బస్టాండు టికెట్ల కౌంటర్లో నాది మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్నే లేచే జాతి కాదు నాది.

ఒకరోజు పిన్ని మెట్ల మీద కూలబడి, "ఈ మనిషి ఇలాగే మంచానికి అతుక్కుపోయి, నా కళ్లముందే కరిగిపోతాడే" అని ఏడ్చింది. ఆయన్ని మంచం దించడానికి మేం చేయని ప్రయత్నం లేదు. రేడియో పెట్టాం, పాత స్నేహితుల్ని పిలిపించాం. ఉలుకూ పలుకూ లేదు. ఇష్టంగా తినేది కూడా ఒక్కటే, మా పెరటి కోడిగుడ్డుతో వేసిన అట్టు. కొట్టునుంచి తెచ్చిన గుడ్డుతో వేస్తే ఒక్క ముక్క నోట్లో పెట్టి కంచం పక్కకు నెట్టేసేవాడు. ఎలా కనిపెట్టేవాడో ఆ పెరుమాళ్లకే ఎరుక.

చలికాలం వచ్చింది, కోళ్లు గుడ్లు మానేశాయి. పిన్నికి కాళ్లూ చేతులూ ఆడలేదు. దాణా కొట్టు ఆయన్ని అడిగితే నవ్వాడట.

"కోళ్ల తప్పు కాదమ్మా, పొద్దుది. ఇప్పుడు పగలు పొట్టిదైపోయింది. వెలుగు చాలకపోతే కోడికి గుడ్డు పెట్టాలనే తోచదు. గూట్లో ఒక బల్బు వేలాడదీయండి. పగలు పెద్దదైందనుకుని మళ్లీ మొదలెడతాయి."

మా కోళ్లగూడు చిన్న గదంత ఉంటుంది. మనిషి వంగకుండా లోపలికి వెళ్లొచ్చు. ఒక పక్క వల కొట్టిన కిటికీ, మధ్యలో కోళ్లు ఎక్కి పడుకునే అడ్డకర్ర. పిన్ని ఒక తెల్ల బల్బు తెచ్చి గూట్లో పెట్టించింది. సాయంత్రం చీకటిపడగానే వేసింది. కోళ్లు ఆ వెలుగులో హాయిగా దాణా ఏరుకుంటూ తిరిగాయి. వంటపని ముగించుకుని వెళ్లి స్విచ్చి టక్కున కట్టేసింది.

అబ్బో, ఇక చూడండి గోల! కింద తిరుగుతున్న కోళ్లన్నీ ఒక్కసారి అరుచుకుంటూ గోడలకేసి, ఒకదానికేసి ఒకటి కొట్టుకున్నాయి. నీళ్లబకెట్టు దొర్లిపోయింది. నాకు ఆ రోజు సెలవు. పుస్తకం పక్కన పడేసి, మెట్లు దూకుతున్నట్టే దిగి పెరట్లోకి పరుగెత్తాను. పిన్ని స్విచ్చి పక్కన నోటిమీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

అప్పుడు ఇంట్లోంచి ఒక అరుపు వినిపించింది.

"ఎవరే ఆ లైటు తీసింది? బుద్ధుందా? స్టేజీ మీద మనుషులుండగా ఠపీమని చీకటి చేస్తారా!"

ఎన్ని నెలలకు విన్నాం ఆ గొంతు అంత గట్టిగా! ఇద్దరం నోళ్లు వెళ్లబెట్టాం. గోడలు తడుముకుంటూ, బనీనుతో, చెప్పుల్లేకుండా, చలిలోకి వచ్చేశాడు మా బాబాయి.

"ఏమండీ, జాగ్రత్త, మెట్టుంది!" అంది పిన్ని. మళ్లీ లైటు వేయబోయింది.

"వెయ్యకు! ఇంకా బెదురుతాయి. చీకట్లో కోడికి ఏం కనబడుతుందే? ఆ కర్ర ఎక్కడుందో అది ఎలా వెతుక్కుంటుంది? తడుముకోవడం ఎలా ఉంటుందో నన్నడుగు, చెప్తాను."

పిన్ని స్విచ్చి మీంచి చెయ్యి తీసేసింది. ఆయన లోపలికి వెళ్లాడు. కళ్లున్న మేమిద్దరం ఆ కటిక చీకట్లో గుమ్మం కూడా తెలియక నిలబడిపోతే, ఆయన రెక్కల చప్పుడు విని ఒక్కో కోడినీ రెండు చేతులతో ఎత్తి, కర్ర మీద కూర్చోబెట్టి, అది పట్టు దొరికించుకునేదాకా వీపు మీద చెయ్యి ఉంచాడు. కాసేపటికి గూడంతా సద్దుమణిగింది. లోపల ఏం చేశాడో తర్వాత ఆయన చెప్తేనే మాకు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని నన్ను అటకెక్కించింది. దుమ్ముకు తుమ్మలేక చచ్చాను. మీటపెట్టె కిందికి దింపి ఆయన ఒళ్లో పెడితే, మూతంతా తడిమి మీట దగ్గర వేళ్లు ఆపాడు. కరెంటు పనివాణ్ణి పిలిపించి, పక్కనే నిలబడి వైర్లు కోళ్లకు అందకుండా బిగింపించాడు. తెల్ల బల్బు తీయించి, తక్కువ వెలుగుండే పాతకాలపు పసుపురంగు బల్బు పెట్టించాడు.

"సాయంత్రం మనం చెయ్యి పెట్టకూడదు. చీకటి చేసే పని సూర్యుడికి వదిలెయ్యాలి. ఆయన నెమ్మదిగా చేస్తాడు, కోళ్లు చూసుకుని కర్రెక్కుతాయి. మనం పొద్దుటి పని తీసుకుందాం. తెల్లారకముందే మనం తెల్లారుద్దాం. మొదట కొంచెం ముందుగా, తర్వాత ఇంకొంచెం ముందుగా. ఒకేసారి అంతా పెంచితే వాటి ఒంటికి పడదు," అన్నాడు. ఆయన అంతసేపు మాట్లాడటం విని ఎన్నాళ్లయిందో!

మరుసటి తెల్లవారుజామున పిన్ని వచ్చి నా దుప్పటి లాగేసింది. నేను పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయను. తిట్టుకుంటూనే దిగాను. బాబాయి గూట్లో స్టూలు మీద కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని, మీట మీద చెయ్యేసి ఉన్నాడు. పిన్ని గూటి తలుపు మూసేశాక చుట్టూ కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. "మాట్లాడకండి," అన్నాడు.

ఏం జరుగుతుందోనని కళ్లు చించుకుని చూశాను. ఏమీ జరగలేదు. ఆయన చెయ్యి కదులుతోందా లేదా కూడా తెలియలేదు. ఇదేం చోద్యమని విసుక్కోబోతూ చూస్తే, ఎదురుగా ఉన్న కోడి తల నాకు కనిపిస్తోంది! ఎప్పటినుంచి కనిపిస్తోంది? చీకటి ఏ క్షణాన పోయింది? చూస్తూ చూస్తూనే చూడలేకపోయాను. గోడ కనిపించింది, గోడ మీద సున్నం పెచ్చులు కనిపించాయి, పిన్ని ముఖం కనిపించింది. కర్ర మీద ఒక కోడి గొంతులోనే కుర్రుమంది. బాబాయి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నల్లది లేచింది. మిగతావాళ్లను లేవనిద్దాం," అన్నాడు చిన్నగా.

రెండోది రెక్క చాపింది. మూడోది ఈకలు విదిల్చుకుంది. చప్పుడు పెరిగినకొద్దీ మీట జరిగింది. ఆయనకు వెలుగు కనబడదు. కోళ్ల గొంతుల్లోనే ఎంత వెలుగుందో వింటున్నాడు. నేను ఏ గుళ్లోనూ అలా నిలబడలేదు. మేం దొరసాని అని పిలిచే పెద్ద తెల్లకోడి అందరికంటే చివర లేచి, కిందికి దూకి, ఒళ్లు విరుచుకుని, ఆయన కాలిమీంచే నడుచుకుంటూ దాణా దగ్గరికి పోయింది. పిన్ని చెంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

ఆ తర్వాత చలికాలమంతా ఆయనదే డ్యూటీ. ఎవరూ లేపక్కర్లేదు. మాట్లాడే గడియారం ఒకటి తలగడ పక్కన పెట్టుకున్నాడు. అది నోరు విప్పకముందే మంచం దిగేవాడు. గడ్డం గీసుకున్నాడు, స్వెట్టరు అడిగి వేసుకున్నాడు. ఏ కోడికి జలుబు చేసిందో, ఏది దేనిమీద అలిగిందో భోజనాల దగ్గర కథలు కథలుగా చెప్పేవాడు. కొన్ని వారాలకు పిన్ని ఒక వెచ్చటి గుడ్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని బుగ్గకు ఆనించుకుని, "పనిచేసిందే!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. చివరికి నేను కూడా సెలవురోజుల్లో నా అంతట నేనే లేచి వెళ్లేదాన్ని. ఎన్నిసార్లు చూసినా చీకటి ఎప్పుడు పోయిందో పట్టుకోలేకపోయాను.

అలా ఉండగా చలి తగ్గింది. దాణా కొట్టు ఆయన పిన్నితో, "పొద్దు పెరిగిందమ్మా, ఇక బల్బు అక్కర్లేదు," అన్నాడట. శుభవార్తే కదా? పిన్ని మాత్రం ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. అప్పటికి నాకు చెప్పలేదు, బాబాయికి అసలే చెప్పలేదు. తలుపేసుకుని మిషను ముందు కూర్చుంది.

కుట్టిందేమిటో రెండు రోజుల తర్వాత చూశాను. గూటి కిటికీకి నల్ల లైనింగు గుడ్డ రెండు పొరలు కలిపి తెర! సూర్యుడు బయట వచ్చేసినా గూట్లో చీకటే. ఆ చీకట్లో బాబాయి నెమ్మదిగా మీట జరుపుకుంటూ కోళ్లకు తెల్లవారుస్తున్నాడు. నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పెరట్లో పిన్నిని నిలదీశాను.

"మతి పోయిందా పిన్నీ నీకు? సూర్యుడికి తెర కడతావా?"

"కడతాను! ఏం, సూర్యుడికి ఇదొక్కటే పనా? లోకమంతా ఉంది ఆయనకు. మా ఆయనకు ఈ గూడొక్కటే ఉంది. ఇక అక్కర్లేదు, వెళ్లి పడుకోండని నేను చెప్పనా? మళ్లీ మంచమెక్కితే ఈసారి దిగడే. నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకో."

మూసుకున్నాను. ఇంకేం చేస్తాను?

ఎన్నాళ్లో సాగలేదు. ఒక సెలవురోజు పొద్దున, నేనూ గుమ్మం దగ్గర ఉండగా, బాబాయి మీట మీద చెయ్యేసి, జరపకుండా అలాగే కూర్చున్నాడు. తల పక్కకు వంచి వింటున్నాడు.

"బయట కాకులు ఎప్పుడో లేచాయి. పాలబండి కూడా పోయింది. మనవాళ్లేంటే ఇంకా ఇలా నిద్రపోతున్నారు?"

పిన్ని ఉలిక్కిపడి, "బద్ధకమండీ, చలికి..." అంది.

"చలెక్కడుంది?"

పెట్టె కింద పెట్టి లేచాడు. గోడ పట్టుకుని కిటికీదాకా వెళ్లాడు. గుడ్డ తగిలింది. దాన్ని పైనుంచి కిందికి తడిమాడు. అంచు దొరికింది. రెండు వేళ్ల మధ్య ఆ మడత పట్టుకుని, కుట్టు మీద బొటనవేలు నెమ్మదిగా నడిపించాడు.

"ఈ కుట్టు నీదే," అన్నాడు.

పిన్ని భోరుమంది. "నాకు భయమండీ. ఈ పని కూడా లేకపోతే మీరు మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటారు. నేను ఒక్కదాన్నే అయిపోతాను."

ఆయన ఆ తెర రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగేశాడు. మేకులు ఊడి టపటపా రాలాయి. పొద్దు బయటే కాచుకున్నట్టు లోపలికి పడింది. కోళ్లన్నీ ఒకేసారి కుర్రుమంటూ కర్ర మీంచి దూకాయి. ఆయన ఆ కిటికీలోనే ముఖం పెట్టి, వెచ్చదనానికి కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"నా ఉద్యోగం పోయింది," అన్నాడు. తర్వాత చెయ్యి వెనక్కి చాపాడు. పిన్ని వచ్చి పట్టుకుంది. "ఆ సూర్యుడు ఏం రంగు వేశాడే? చెప్పు."

పుట్టి బుద్ధెరిగాక పిన్ని ఆకాశం వంక చూసిందో లేదో! కళ్లు తుడుచుకుని, జాకెట్టు గుడ్డకు దారం సరిచూసేటప్పటిలా కళ్లు చికిలించి చూసింది.

"అడుగున ఉల్లిపొర రంగండీ. దానిమీద గంధం. బాగా పైన... వంకాయ రంగు, కానీ వెలిసిపోయింది. అయ్యో, ఉండండి, ఉల్లిపొర మారిపోతోంది. దీనికి సరిపడే దారం నా దగ్గర లేదు!"

"వంకాయ రంగు వెలిసిపోయిందా?" బాబాయి ముఖం చిన్నబోయింది. "అయితే మొదలంతా అయిపోయిందన్నమాట. అసలు పనితనమంతా అక్కడే ఉంటుంది. రేపు ఇంకాస్త ముందే లేద్దామే, మొదటినుంచీ చెబుదువుగాని."