మడి మూల నుంచి వచ్చిన వాసన

ఆగిరిపల్లి దాటాక, మామిడితోటల మధ్య అరెకరం కూరగాయల మడి కొన్నాను. నూజివీడులో మాది కాయల వ్యాపారం. మామిడికాయ చేతికిస్తే ఏ వైపు తోటదో చెప్పగలను కానీ, కూర ఏదైనా వండి గిన్నెలో పెడితే తప్ప గుర్తుపట్టలేను.

ఆ నేలను అంతకుముందు కౌలుకు చేసినాయన నాకంటే పెద్దవాడు. వానాకాలం నర్సరీల్లో మామిడి అంట్లు కట్టేవాడు. ఆయన్ని వారంలో ఖాళీ చెయ్యమన్నాను. "మూలన కొంచెం ఉండిపోయిందండీ, వానలు పడితే..." అంటూ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ మాట పూర్తి కానివ్వలేదు.

ఆయన వదిలేసిన మొక్కలకు పేర్లు కనుక్కోవడం నాకు సరదా అయింది. ఫోనుతో ఫొటో తీయడం, పేరు రాగానే బంధువుల గ్రూపులో పెట్టడం. పొన్నగంటి, దొండ, తీగబచ్చలి. పేరు తేలనివాటిని పీకి గట్టు మీద పారేశాను.

తొలివానలు పడ్డ నాలుగోరోజు సాయంత్రం, గేటు దగ్గరే కంపు కొట్టింది. ఏదో చచ్చి కుళ్ళుతున్న కంపు. మూలన, ఆకూ కాడా లేకుండా, పచ్చి కార్జం రంగులో ఒక ముద్ద మట్టిలోంచి పొంగి ఉంది. దాని నిండా ఈగలు. మాంసం ఎరగని ఇల్లు మాది. మొక్క అయ్యుంటుందన్న ఆలోచనే రాలేదు. నేల పోయిందన్న కసితో ఆ కౌలాయనే ఏ జంతువు పేగులో తెచ్చి పాతాడనుకున్నాను.

అప్పుడే ఆయన మోపెడ్ మీద అటుగా వెళుతున్నాడు. ఆపి లోపలికి లాక్కొచ్చాను.

"ఏం పెట్టావురా ఇక్కడ?"

వాసన చూసి ఆయన పకపకా నవ్వాడు. "అదాండీ! మీరు భయపడ్డారా?"

ఆ నవ్వుకే నా చెయ్యి లేచింది. గట్టు మీదున్న పార తీసి, తిరగేసి, కర్రతో భుజం మీద కొట్టాను. "అయ్యా, చెప్పేది వినండీ" అంటూ కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బ ఆ చేతి మీద పడింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. ఆయన బురదలో కూలబడ్డాడు. నేను ఆగలేదు. "నీ బండారం బయటపెడతా" అంటూ ఆ ముద్దను పారతో నరికాను. ఎముక లేదు, నెత్తురు లేదు. కింద ఇంత లావు దుంప రెండు ముక్కలైంది. నా పిక్కల మీద పడ్డ రసం దురద పెట్టింది.

"కందండీ," అన్నాడు విరిగిన బొటనవేలు పొట్టకు అదుముకుని. "తవ్వకుండా వదిలేస్తే వానకి పువ్వు లేస్తుంది. కంపు రెండ్రోజులే."

కంద కూర లేని పెళ్ళి మా వాళ్ళలో చూడలేదు. దాని పువ్వును మాత్రం అంతవరకూ చూడలేదు.

ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. ఎలా విరిగిందని డాక్టరు అడిగితే, ఆయన నా మొహం చూసి, "చెట్టు మీంచి పడ్డానండీ" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కొట్టినదానికన్నా ఆ క్షణానికే ఎక్కువ సిగ్గుపడతాను.

కట్టు విప్పినా వేలు వంగలేదు. అంటు కట్టేవాడికి బొటనవేలే ముఖ్యం. లేత పుల్లను కత్తితో చెక్కి, పిల్లమొక్కకు అతికించి, టేపు చుట్టేదాకా అది కదలకుండా నొక్కిపట్టాలి. ముసునూరు వైపు ఆయన పనిచేసే నర్సరీకి వెళ్ళి చూశాను. ఆయన నేల మీద కూర్చుని, ఎడమచేత్తో సంచుల్లో మట్టి నింపుతున్నాడు.

"చెట్టెక్కే ముందు ఎంత పట్టించావు మావా?" అని నర్సరీ యజమాని అంటే అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఉండబట్టలేక, "ఆయన పడలేదు. నేనే కొట్టాను, తప్పు నాదే" అన్నాను. అందరి చేతులూ ఆగిపోయాయి. నా గుండె తేలికపడింది.

ఆయన తలెత్తాడు. అంత కోపం ఆ మొహంలో మడిలో కూడా చూడలేదు.

"ఎందుకు చెప్పారండీ? పడ్డానంటే నవ్వి ఊరుకున్నారు. ఇక రోజూ తన్నులు తిన్నోడిలా చూస్తారు. వేలు పోయింది చాలదా?"

క్షమించమందామని వంగాను.

"కొంచెం జరగండి," అన్నాడు. "మట్టికి అడ్డంగా ఉన్నారు."

జరిగాను.