వంటింటి భాష, రగ్బీ బంతి

ఆదివారం. దుప్పట్లు ఉతికి ఆరేశాను. వారానికి సరిపడా ఇడ్లీపిండి రుబ్బాను. వంటగది అరలు తుడిచి కొత్త కాగితాలు పరిచాను. ఇస్త్రీ ఒక్కటే మిగిలితే టీవీ ముందు బొంత వేసుకుని కూర్చున్నాను... మా అమ్మాయి స్నేహ రగ్బీ చూస్తోంది.

తొమ్మిదో తరగతి. స్కూలు టీములో ఆడుతుంది. దక్షిణాఫ్రికా జట్టంటే ప్రాణం. ఆ ఆటలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదట... వెనక వస్తున్నవాడికే అందించాలి. అయినా అందరూ కలిసి ముందుకే పోతారు. ఒకడి మీద ముగ్గురు పడితే వాడి పని అయిపోయిందనుకున్నాను. లేచి, తనను పడేసినవాడికే చెయ్యి అందించాడు. ఇస్త్రీ ఆపి చూశాను.

ఆట అయ్యాక ఒక ఆటగాడు తన భాషలో ఏదో చెప్పాడు.

"అది ఆఫ్రికాన్స్ అమ్మా" అంది స్నేహ. "అసలు డచ్చివాళ్ళ భాష. బానిసలు, వంటవాళ్ళు, ఆయాలు, పశువుల కాపర్లు మాట్లాడి మాట్లాడి వేరే అయిపోయిందంట. మన ఇండియా నుంచి కూడా పట్టుకుపోయారంట బానిసల్ని. పెద్దోళ్ళు దాన్ని వంటింటి భాష అని మజాక్ చేసేవారంట."

ఆ మాట వినగానే నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు... భిలాయి ఉక్కు ఫ్యాక్టరీవాళ్ళ సెక్టార్ క్వార్టర్లో మా తెలుగు ఉండేది వంటింట్లోనే. గుమ్మం దాటితే హిందీ. తాలింపు వాసనలో అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంటే రెండూ కలిసిపోయేవి. హిందీ మాట చివర 'ఇంచు' తగిలిస్తే చాలు, మా తెలుగు అయిపోయేది. సంఝాయించడం, బచాయించడం, గుమాయించడం...

ఒక వేసవిలో బొబ్బిలి నుంచి మా మేనత్త వచ్చింది. బీరువా తాళంచెవి కనబడక అందరూ వెతుకుతున్నారు. పోగొట్టింది నేనే. ఏడుస్తూ చెప్పాను. "అత్తా, చాబీ నేనే గుమాయించీసేను."

"ఏటీ? ఏటన్నావే? గుమాయించీసేవా?" అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "వదినా, ఇదేటి తెలుగమ్మా... వంటింట్లో అంట్లతోపాటు తోమీసినట్టుంది!"

నాన్న నవ్వారు. అమ్మ కూడా నవ్వింది... ఆ మాట నాకు నేర్పింది అమ్మే.

తర్వాత అత్త ఎన్నిసార్లు వచ్చినా నేను తల ఊపడమే. పెద్దయ్యాక పుస్తకాలు చదివి తెలుగు దిద్దుకున్నాను. అయినా అత్తతో మాట్లాడాలంటే ఇప్పటికీ ప్రతి వాక్యాన్నీ ముందు లోపల సరిచూసుకుంటాను.

వచ్చే నెల అత్త మనవరాలి పెళ్లి. స్నేహ ముందే చెప్పేసింది. "వస్తాను గానీ అక్కడ నోరు విప్పను. పోయినసారి నేనేం మాట్లాడినా సబ్ హస్ రహే థే."

ఇప్పుడు మేముండే భిలాయి స్మృతి నగర్ వీధిలో చాలామంది తెలుగు పిల్లల సంగతి ఇంతే. నవ్వుతారని మొదట మాట్లాడరు... తర్వాత రానే రాదు. మా ఇంట్లో తెలుగు నాతోనే ఆగిపోతుందేమోనని నా దిగులు.

"మరి ఆ వంటింటి భాష తర్వాత ఏమైంది?" అని అడిగాను.

"అది మాట్లాడే తెల్లవాళ్ళు రాజ్యమేలారు అమ్మా. అది మా భాషేనన్నారు, వంటవాళ్ళ సంగతి దాచేశారు. నల్లవాళ్ళ పిల్లల మీద స్కూళ్ళలో జబర్దస్తీ రుద్దారు. చదివితే బురా లగా."

ఒకప్పుడు వెక్కిరింపు తిన్న భాషే ఇంకొకరి నోరు నొక్కిందంటే... నాకూ మనసు బాగోలేదు.

అంతలో అత్త ఫోన్. స్పీకర్లో పెట్టాను.

"స్నేహా, పెళ్లికొస్తన్నావా? ఆ కోడిగుడ్డు బంతాట మానీసేవా లేదా?"

స్నేహ నా వైపు చూసింది. ఫోన్ నాకు ఇచ్చేస్తుందనుకున్నాను.

"మానలేదు అమ్మమ్మా. నిన్ననే మోకాలు ఛిలాయించుకున్నాను."

"ఛిలాయించడమేటే! గీసుకుపోయిందనాల. అదేటి తెలుగే?"

"మా వంటింటి తెలుగు. నువ్వు రోజూ తాతని దబాయిస్తావు కదా... అది కూడా హిందీ దబానాయే. నీది పాతది, మాది నయా. అంతే."

నేను ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేశాను.

"ఓలమ్మో!" అత్త పగలబడి నవ్వింది. "అయితే ఇన్నేళ్ళ కాపరం నేను హిందీలో చేసీసేనా? రాయే పెళ్లికి... మీ తాతని ఇద్దరం కలిసి దబాయిద్దుం!"

ఫోన్ పెట్టేదాకా స్నేహే మాట్లాడింది. తప్పులతో, గలగలా...

ఇప్పుడు సెక్టార్లలో ఆ వంటిళ్ళు వేరే కుటుంబాలవి. ఆ మాటలు అనేవాళ్ళూ తగ్గిపోయారు. మీ ఇంట్లో మాత్రమే పుట్టిన మాట ఒకటి ఉంటే కింద రాయండి... ఎవరూ దిద్దరు.

అత్తకు నేను చెప్పాల్సిన జవాబు ఒకటి చిన్నప్పటినుంచీ బాకీ ఉండిపోయింది. ఈ రోజు మా అమ్మాయి తీర్చేసింది. చెల్లు.