అత్త బండికి కట్టిన తాడు

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కామారెడ్డిలో ఒక షాపు ముందు లారీలోంచి ఇనుప రాడ్లు దించుతున్నాను. కామెర్లు ముదిరి, ఆస్పత్రి మంచం మీద పోయింది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను ఎల్లారెడ్డి చేరేసరికి ఆమె వాకిట్లో కూర్చున్నవాళ్లు వేరే కథ చెప్పుకుంటున్నారు. ఆడదై ఉండి మోటార్ సైకిల్ నడిపిందట, ఎండల్లో వానల్లో చేపలు మోసిందట, ఒళ్లు అట్లా పాడుచేసుకుందట. ఆ బండి ఆమెను చంపలేదు. మామ పోయాక ఇన్నేళ్లూ ఆమె ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికింది ఆ బండి మీదే.

మామ చేపలు అమ్మేవాడు. ఆయన పోయినప్పుడు ఇంట్లో మిగిలినవి ఒక చినిగిన వల, ఆ బండి. పిల్లలు లేరు. అత్త నిజాంసాగర్ కాలువ గట్టు మీద తనంతట తనే బండి నేర్చుకుంది. కుచ్చిళ్లు పైకి దోపి, చీర మీద మామ చొక్కా తొడుక్కుని, తెల్లారేసరికి డ్యాం దగ్గరుండేది. బొచ్చెలు, రవ్వలు పెట్టెలో వేసుకుని ఎల్లారెడ్డికి తెచ్చేది. సంత రోజైతే కామారెడ్డి దాకా పోయేది. బందులు పెట్టి బస్సులు ఆగిపోయిన రోజుల్లో కూడా మా దగ్గర చేపల పులుసు ఉడికిందంటే, అది ఆమె తెచ్చిన చేపే.

చాయ్ హోటల్ ముందు కూర్చునే ఒకాయన ఆమెను చూసినప్పుడల్లా లైసెన్సు ఉందా అని ఎకసెక్కంగా అడిగేవాడు. ఒకసారి అత్త బండి ఆపి, ఇంజన్ కూడా బంద్ చేసి, నెమ్మదిగా చెప్పింది.

"నీ పెండ్లాన్ని తోలియ్యి పటేలా. నేర్పిస్త. గప్పుడు ఇద్దరం కలిసి నీ లైసెన్సు అడుగుతం."

మళ్లీ ఆయన అడగలేదు. చేపలు మాత్రం ఆమె దగ్గరే కొన్నాడు.

నేను తొమ్మిదిలో బడి మానేశాను. లారీ మీద కొన్నాళ్లు, సెల్ ఫోన్ల షాపులో కొన్నాళ్లు, సెంట్రింగ్ పనిలో కొన్నాళ్లు. ఏదీ కుదరక ఒకరోజు నాన్నతో గొడవపడి అత్త ఇంటికి వెళ్లాను. ఎందుకొచ్చావని ఆమె అడగలేదు. వచ్చినవా అల్లుడా, పెట్టె దించు అంది, అంతే. బిడ్డ ఉంటే నాకే ఇచ్చేదట, లేదు గనక ఆ పిల్ల బతికిపోయిందట. వచ్చినవాళ్లందరికీ ఈ మాట చెప్పి నవ్వేది.

ఒక వానాకాలం ఆమె పడింది. చేపల పెట్టెతో వస్తుంటే ఎల్లారెడ్డికి ఈవల రోడ్డు పక్కన పోసిన కంకర మీద బండి జారింది. బండి మొత్తం ఒక పక్కకు ఒరిగినా కాలు నలగలేదు. ఇంజన్ ముందు రెండు పక్కలా ఉండే సేఫ్టీ గార్డు ఆ దెబ్బంతా తీసుకుంది. మెకానిక్ గార్డు విప్పి ఇంజన్ బాగుచేశాడు గానీ, గార్డు మళ్లీ ఎక్కలేదు. దాని కాళ్లు విచ్చుకుపోయాయి, బోల్టులకు అందడం లేదు. అది పారేసి ఉత్త బండి నడుపుకోమన్నాడు. చాలామంది అట్లాగే నడుపుతారని కూడా చెప్పాడు.

అత్త ఒప్పుకోలేదు. "గార్డు లేకుంటే మొన్ననే నా కాలు పోతుండె. కాలు పోతే చాపలు నడుసుకుంటొస్తయా?"

అప్పుడే పెద్దమామ వచ్చాడు. ఆయన మామకు అన్న. బండి కాగితాలు ఇంకా మామ పేరు మీదే ఉన్నాయి. పడిన ఆడదానికి ఇక బండి ఎందుకని, మర్నాడు పొద్దున కొనేవాణ్ణి తీసుకొస్తానని చెప్పాడు. గార్డు నేల మీద, బండి గోడకు ఆనించి ఉన్నాయి.

"గోడకు ఆనుకున్న బండిని ఏం నడుపుతవ్ మరదలా?" అన్నాడు.

"గార్డుతోని నిలబడితే?"

"నిలబడితే నీ ఇష్టం."

ఆయన నవ్వుతూ వెళ్లిపోయాడు. నేనూ అత్తా పని మొదలుపెట్టాం. నాకు ఏ పనైనా గబగబా అయిపోవాలి. పై బోల్టుకు రంధ్రం దొరకగానే పానాతో గట్టిగా బిగించేశాను. కింద చూస్తే రెండు పక్కలా రంధ్రాలు వేలెడు దూరంలో ఉన్నాయి. గుంజాను, తన్నాను, రాయితో కొట్టాను. చివరికి పానా విసిరేశాను. అత్త లేచి వెళ్లి దాన్ని తెచ్చుకుని, నేను బిగించినదాన్ని విప్పడం మొదలుపెట్టింది.

"ఒక్కదాన్ని బిగించి మిగిలినయి రమ్మంటే యాడికెళ్లి వస్తయిరా? వదులుగ ఉండనియ్యి. అన్నీ దొరికినంక బిగియ్యాలె."

వదులు చేశాక గార్డు కాస్త కదిలింది గానీ ఇంకా అందలేదు. అప్పుడు ఆమె లోపలికి వెళ్లి మామ వల తాడు తెచ్చింది. గార్డు రెండు కాళ్లకూ కలిపి చుట్టు వేసి, మధ్యలో ఒక కట్టె దూర్చి మెలితిప్పసాగింది. గడ్డి బండ్లు కట్టేవాళ్లు మోపు జారకుండా అట్లాగే బిగిస్తారు. కట్టె తిరిగినకొద్దీ తాడు కిర్రుమంది, ఇనుము మెల్లగా లోపలికి వంగింది. నేను నేల మీద పడుకుని రంధ్రంలోకి చూస్తున్నాను. ముందు అంతా చీకటి. తర్వాత నెలవంకంత వెలుగు. తర్వాత అవతలి గోడ నిండుగా కనిపించింది.

"ఇగ తొయ్యి," అంది అత్త, రెండు చేతులతో కట్టెను పట్టుకుని.

బోల్టు వేలితోనే లోపలికి పోయింది. రెండో పక్కదీ పోయింది. అన్నీ దొరికాక ఒక్కోదాన్ని కొంచెం కొంచెం బిగించాం. తెల్లారి పెద్దమామ కొనేవాడితో వచ్చేసరికి వాకిలి ఖాళీగా ఉంది. ఆమె అప్పటికే డ్యాం దగ్గరుంది. తిరిగొస్తూ చేపల పెట్టెతో సహా ఆయన ఇంటి ముందే ఆగి, స్టాండు వేసి, నిలబడ్డది బావా చూడు అని చెప్పి వచ్చింది.

ఆ తాడును ఆమె మళ్లీ విప్పలేదు. నేను మళ్లీ లారీ పనికి కామారెడ్డి పోయాక కూడా ఐస్ సంచి దానికే కట్టేది.

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే వాళ్లకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. బొచ్చె పులుసు, అన్నం పెట్టాం. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి గానీ కిందికి రాలేదు. ఒక్కొక్కరు ఒక్కో మాట ఇచ్చి చూశారు. రాలేదు. బండికి బీబీపేటలో బేరం వచ్చిందని పొద్దున్నుంచీ పెద్దమామే అందరికీ చెబుతున్నాడు.

పక్కింటి అవ్వకు ఓపిక పోయింది. "దాని పాణం బండి మీదున్నది. నువ్వే చెప్పు కొడుకా."

అందరూ ఆయన వైపు తిరిగారు. నేను కళ్లు దించలేదు.

"సరే, బండి అమ్మం," అన్నాడు.

కాకులు కదల్లేదు. అవ్వ వదల్లేదు. ఊరికే ఇంట్ల పెట్టుకుంటే అది ఒప్పుకుంటదా, ఎవలు నడుపుతరో చెప్పుమంది.

పెద్దమామ నా వైపు చెయ్యి చూపాడు. "గీడు నడుపుతడు. చాపలకే నడుపుతడు."

ఒక కాకి దిగింది. చేప ముక్కే ముందు ఎత్తుకుపోయింది. అది మాట విని వచ్చిందో, మేం పక్కకు జరిగామని వచ్చిందో నాకు తెలియదు. పెద్దమామ మాట మాత్రం అక్కడున్నవాళ్లందరూ విన్నారు.

ఇప్పుడు నేను తెల్లారకముందే నిజాంసాగర్ పోతున్నాను. చాయ్ హోటల్ ముందు నన్నూ ఏదో ఒకటి అంటారు, అననీ. ఐస్ సంచి ఆ తాడుకే కడతాను. దాని నుంచి కారే నీళ్లు డ్యాం దగ్గర్నుంచి ఎల్లారెడ్డి దాకా రోడ్డు మీద సన్నటి చార గీస్తాయి. ఎండెక్కేసరికి అది ఆరిపోతుంది. తెల్లారితే మళ్లీ అదే రోడ్డు మీద, తడిగా.