మావయ్య ఫొటోకు దండ

సినిమాల్లోకి రాకముందు యుద్ధంలో పోరాడిన ఓ హీరోగారి సైనిక జీవితంపై విజయనగరం మ్యూజియంలో పోయినేడు ప్రదర్శన పెట్టారు. ఆయన దళంలోనే పనిచేసిన మా మావయ్యను, అత్తను కోటబొమ్మాళి నుంచి తీసుకెళ్లాను.

హీరోగారి యూనిఫారం ముందు సెల్ఫీల కోసం యుద్ధం జరుగుతోంది. పక్కనే ఐదుగురు సైనికుల ఫొటో ఉంది. హీరోగారు కాలం చేశారు కనుక నిర్వాహకులు ఫొటో మొత్తానికీ పూలదండ వేసేశారు. అందులో చివరన నిలబడ్డ కుర్రాడు మా మావయ్యే.

"బతికున్న మనిషికి దండేటిరా! నా పసుపు కుంకాలు మీకేటి సేసినాయి?"

అత్త కేకకు హాలంతా ఇటు తిరిగింది. నేను ఎదురు గోడను చాలా శ్రద్ధగా పరిశీలించాను. దండ లాగబోయిన అత్త చేతిని మావయ్య పట్టుకున్నాడు.

"ఉండనీయే. మిగతా ముగ్గురూ ఆ యుద్దంలోనే పోనారు. ఆలకి ఇంతవరకూ ఎవులూ దండెయ్యనేదు."

అత్త చెయ్యి దించింది.

ప్రదర్శన ఎలా ఉందని ఇప్పటికీ కొందరు అడుగుతారు. పూలు తాజాగా ఉన్నాయని చెబుతుంటాను.