జానెడు జరిగిన రాయి

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. భూగర్భశాస్త్రం చదువుతున్న నేను మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు, రెండు చేల మధ్య ఉన్న పాత నేల పగులును కొలవడానికి ఒంటరిగా వెళ్లాను. పగులుకు రెండు వైపులా రాళ్లు పాతి, వాటి మధ్య దూరం ఏటా కొలిస్తే నేల ఎంత జారుతున్నదో తెలుస్తుంది. రెండో రాయి పాతుతుండగా, రోడ్డు మీద బస్సులు ఆపుతున్న యువకులు చేనులోకి దిగారు.

"మా భూమిల ఎవరి కోసం హద్దులు పాతుతున్నవ్? ఏ ఊరు నీది?"

"తెనాలి," అన్నాను. అబద్ధమాడినా నా యాస పట్టిస్తుంది.

ఒకడు గడ్డపార లాక్కున్నాడు. నేల జారుడు కొలుస్తున్నానని ఎలాగో చెప్పాను.

చేను యజమాని యాదగిరి అడ్డం వచ్చాడు. "జర ఆగుండ్రి. సారూ, ఏడాదికి ఎంత జరుగుతది?"

"వెంట్రుక మందం కూడా ఉండకపోవచ్చు."

"గంతేనా? మా పాలోళ్ల హద్దురాయి గింతకన్న జోరుగ జరుగుతది! ఇడిసిపెట్టుండ్రి, పాపం."

అందరూ పకపకా నవ్వారు. గడ్డపార నా చేతికి తిరిగొచ్చింది. వాళ్లే నన్ను మొయినాబాద్ దాకా దిగబెట్టారు.

మరుసటి ఏడాది కొలిస్తే దూరం జానెడు పెరిగింది! వంగి చూస్తే యాదగిరి వైపు రాయి అతని చేనులోకి జరిగి ఉంది, చుట్టూ కొత్త మన్ను. పక్క చేనులో ఉన్న అతని పాలోడు, అంటే దాయాది అయిన చిన్నాయన కొడుకు, తల గోక్కున్నాడు.

"హద్దనుకున్న సారూ."

ఆనాడు నన్ను కాపాడింది వట్టి హాస్యం కాదని, అచ్చమైన నిజమని అప్పుడు తెలిసింది.